నూనె లెక్క

ఆ యేడు మా బడికి చరిత్ర పుస్తకాలు లేవు.
పాతవాటిని బంగాళదుంపల గోతాల్లో కుక్కి
పడవ మీద అవతలి గట్టుకు పంపేశాం.
కొత్తవి టాలిన్‌లో అచ్చవుతున్నాయన్నారు.
నవంబరు పొగమంచు కిటికీకి ముఖం ఆనించి
లోపలికి చూస్తోంది.
పద్నాలుగుమంది పిల్లలు. ఒక పొయ్యి. నేను.

అందుకని దీవి పాతపెట్టెలోంచే పాఠం తీశాను:
పంతొమ్మిది వందల పదకొండు, అక్టోబరు,
అగాథె అనే ఓడ మా రాతిమొన మీద పగిలిన రాత్రి.
బల్ల మీద నాలుగు కాగితాలు.

దీపస్తంభం కాపరి ప్రీడిక్ దినచర్య, రష్యన్‌లో:
"గాలి పడమర. దీపం రాత్రంతా వెలిగింది."
రీగా బీమా గుమాస్తా జాబు, జర్మన్‌లో:
"మా కప్తానుకు ఏ దీపమూ కనబడలేదు."
బతికి ఒడ్డెక్కిన వంటవాడి మాట,
ముప్పై ఏళ్ల తర్వాత పాస్టరు రాసుకున్నది, మన భాషలో:
"దేవుడే ఆర్పాడు."
నాలుగోది నూనె లెక్క. మాటల్లేవు, అంకెలే.
ఆ నెల పీపాలో మిగలాల్సిన దానికంటే
రెండు బక్కెట్లు ఎక్కువ మిగిలింది.

"ప్రీడిక్ అబద్ధాలకోరు!" ఊకు బల్ల చరిచాడు.
"నిప్పు లేనిదే పొగ రాదు టీచర్."
పొగ చూసినవాడు ఎక్కడ నిలబడి చూశాడో
ముందు అది చెప్పు, అన్నాను.
ఎవరు రాశారు, ఎప్పుడు, ఎవరు చదవాలని,
నిజం రాస్తే వాళ్ల జేబులోంచి ఏం పోయేది?

పొయ్యిలో కట్టె చిటపటమంది. పిల్లలు వంగారు.
హిల్యా అంది: దీపం లేదని తేలితే
బీమావాళ్లు జారు ఖజానాని పట్టుకోవచ్చు.
టావెట్ అన్నాడు: అంకెల వెనక కూడా
ఒక చెయ్యి ఉంటుంది కదా.
ఊకు దినచర్యను ముక్కు దాకా తెచ్చుకుని:
"ఇరవై రోజులూ ఒకే సిరా, ఒకే వాలు.
ఒక్క పూటలో కూర్చుని రాసినట్టుంది."

అప్పుడు లేలో లేచింది. ప్రీడిక్ మునిమనవరాలు.
"ఆయన వేళ్లు కీళ్లవాతంతో వంకర్లు పోయేవి.
నెలాఖరుకి పొయ్యి దగ్గర కాచుకుంటూ
అన్నీ కలిపి రాసేవాడు. అమ్మమ్మ చెప్పింది."
ఎవరూ మాట్లాడలేదు.

సుద్దముక్క ఆమె చేతికే ఇచ్చాను.
నల్లబల్ల మీద అయిదో వరస గీసుకుంది:
అమ్మమ్మ. ఆయన కూతురు. ఆయనంటే ప్రాణం.
కాసేపు ఆగి, చిన్న అక్షరాలతో:
అప్పటికింకా పుట్టలేదు.
చుక్క పెట్టేటప్పుడు సుద్ద విరిగింది.
ఆ రెండు ముక్కలూ జేబులో వేసుకుని కూర్చుంది.

గంట కొట్టాలి. కొట్టలేదు.
టావెట్ ఇంకా చెయ్యి ఎత్తే ఉన్నాడు.
"గోతాల్లో పంపేసిన పుస్తకాలున్నాయే,
అవి ఎవరు రాశారు? ఎవరు చదవాలని?
నిజం చెబితే ఏం పోయేది?"
తర్వాత, మర్యాదగా, అందుకే మరీ గుచ్చుకునేలా:
"పోయినేడు మీరే కదా చదివి వినిపించారు."

అవును. పద్దెనిమిదేళ్లు వినిపించాను.
ఉద్యోగం పోయేది, అన్నాను. ఉండే ఇల్లూ బడిదే.
కొన్ని పేజీలు దాటేసేదాన్ని, దగ్గొచ్చినట్టు నటించి.
కొన్ని నమ్మాను.
ఇప్పుడు వెనక్కి చూస్తే
దాటేసినవే ఎక్కువ గుర్తొస్తున్నాయి.
అది కూడా రాసుకోండి.
ఇంకోటి: ప్రీడిక్ కాగితంలో తేమకు సిరా పాకింది.
"వెలిగింది" అన్నాడో, "వెలిగించాను" అన్నాడో.
మీకు తర్జుమా చేసేటప్పుడు
మొదటిది నేనే ఎంచుకున్నాను.

పదమూడు పెన్సిళ్లు, తలెత్తకుండా:
ఆరో వరస. టీచర్.
ఊకు మాత్రం రాయలేదు. అద్దం మీద ఆవిరి తుడిచి
"ఇక్కణ్ణుంచి దీపస్తంభం కనబడాలి కదా" అన్నాడు.
మూడున్నరకే చీకటి. పొగమంచులో ఏమీ లేదు.
"వెలుగుతోందా?"
నాకు తెలియదన్నాను.
లేలో అప్పటికే కోటు తొడుక్కుంటోంది.